అన్యూరిజం పగిలిన తర్వాత మెదడు రక్తప్రవాహాన్ని డాప్లర్‌తో రోజూ గమనించే విధానం

పగిలిన అన్యూరిజంను, అంటే ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బిన చోటును, బయటి నుంచి బిగించే క్లిప్‌తోనో లోపల నింపే సన్నని తీగచుట్ట అయిన కాయిల్‌తోనో మూసివేసినంత మాత్రాన రోగికి ప్రమాదం తప్పినట్టు కాదు. రక్తస్రావం జరిగిన 3, 4 రోజులకు మెదడు అడుగుభాగంలోని ధమనులు బిగుసుకోవడం మొదలై, 7 నుంచి 10 రోజుల మధ్య తీవ్రమై, సాధారణంగా రెండు వారాల తర్వాత సడలుతుంది. వాసోస్పాజం అనే ఈ స్థితిలో సన్నబడిన ధమని గుండా రక్తం మరింత వేగంగా పారుతుంది. పుర్రె గుండా శబ్దతరంగాలు పంపి చేసే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ పరీక్ష పట్టుకునేది ఆ వేగాన్నే.

మొదటి పరీక్షను ధమనులు బిగుసుకోకముందే చేయాలి, ఎందుకంటే తర్వాతి ప్రతి కొలతనూ దానితోనే పోల్చి చూస్తాము. శబ్దతరంగాలు పంపే 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌ను చెవికి ముందు, చెంప ఎముకకు కాస్త పైన ఆనించి, 45 నుంచి 65 మిల్లీమీటర్ల లోతులో ప్రోబ్ వైపు వచ్చే ప్రవాహాన్ని వెతికితే మెదడు పక్కభాగానికి రక్తం అందించే మిడిల్ సెరిబ్రల్ ధమని దొరుకుతుంది. లోతును కొద్దికొద్దిగా మారుస్తూ ధమని పొడవునా పరీక్షించి, అత్యధిక సగటు వేగాన్ని, అది దొరికిన లోతుతో సహా రాయాలి. కణత ఎముక మందంగా ఉన్నవారిలో, ముఖ్యంగా వయసు పైబడిన స్త్రీలలో, సంకేతం అందకపోవచ్చు. అంతమాత్రాన ప్రవాహం లేదని రాయకూడదు.

సగటు వేగం సెకనుకు 120 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్రమైన సంకోచం ఉండే అవకాశం తక్కువ. 200 దాటితే అది తీవ్రమని భావిస్తారు. అయితే రక్తహీనత, జ్వరం, మందులతో పెంచిన రక్తపోటు కూడా వేగాన్ని పెంచుతాయి. అందుకే దవడ కింద నుంచి మెడలోని ఇంటర్నల్ కరోటిడ్ ధమని వేగాన్ని కూడా కొలిచి, మెదడు ధమని వేగాన్ని దానితో భాగించాలి. ఈ లిండెగార్డ్ నిష్పత్తి 3 లోపు ఉంటే రక్తప్రవాహమే పెరిగిందని, 3 దాటితే ధమని సన్నబడిందని, 6 దాటితే సంకోచం తీవ్రంగా ఉందని అర్థం చేసుకోవాలి. నా దృష్టిలో ఈ రెండో కొలత లేని నివేదిక అసంపూర్ణమే.

ఒక్క రోజులో వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు పెరిగితే, మొత్తం ఇంకా 120 దాటకపోయినా, వైద్యుడికి వెంటనే తెలియజేయాలి. ప్రతి కొలత పక్కన రక్తపోటు, హిమోగ్లోబిన్, కార్బన్ డయాక్సైడ్ స్థాయి నమోదు చేయాలి. వెంటిలేటర్ మార్పుతో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే వేగం తగ్గి, రోగి కోలుకుంటున్నట్టు పొరపడే ప్రమాదం ఉంది.

దూరపు చిన్న శాఖలలోని సంకోచం ఈ పరీక్షకు అందదు. కాబట్టి రోగికి కొత్తగా మగత కమ్మినా, మాట తడబడినా, చేయి బలహీనపడినా, డాప్లర్ అంకెలు ఎంత బాగున్నా, ధమనులను చిత్రంలో చూపే సీటీ యాంజియోగ్రామ్ విషయంలో ఆలస్యం చేయకూడదు.