మాటల కింద రాగం

విజయనగరంలో మా కుర్రాళ్లు తీసిన జానపద షార్ట్ ఫిల్మ్‌కి సంగీతం నేనే చేశాను. శాపం తగిలిన గంధర్వుడు, అతన్ని పెంచిన అవ్వ కోటగోడ పక్కన మాట్లాడుకునే సీను మూడు నిమిషాలు. మొదట అంతా వయొలిన్‌తో నింపేశాను. మా అమ్మ చూసి, "ఏటి మాటాడతన్నారో ఇనపడ్డం నేదురా" అంది.

అందుకని ముందు సంగీతం లేకుండా సీను వినండి. ఎక్కడ మాట ఆగుతోందో సెకన్లతో సహా రాసుకోండి. థీమ్, అంటే పాత్రని గుర్తుచేసే చిన్న బాణీ, అక్కడే రావాలి.

గంధర్వుడి థీమ్ మోహన రాగంలోని నాలుగు స్వరాలు: స రి గ ప. దీన్ని మాటలు లేని సీనులో ముందే పూర్తిగా వినిపించాలి. లేకపోతే తర్వాత ఎవరూ గుర్తుపట్టరు. సంభాషణలో రెండు స్వరాలు చాలు.

శాపం సంగతి బయటపడేచోట కొత్త ట్యూన్ వెతక్కండి. అవే స్వరాలు ఉంచి, కింద ఆధారంగా మోగే శ్రుతిని గాంధారానికి, అంటే గ స్వరానికి, మార్చండి. మోహన రాగం హిందోళ రాగమవుతుంది. సంగీత కళాశాలలో చదివినవాళ్లకి ఇది గ్రహభేదం. మిగతావాళ్లకి ఎందుకో గుండె బరువెక్కుతుంది, అంతే.

అవ్వది సన్నని గొంతు, కింద చెల్లో సరిపోయింది. గంధర్వుడిది బొంగురు, అతనికి పైస్థాయి వేణువు. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది, సంగీతంలో ఆ పౌనఃపున్యాల బలం కాస్త తగ్గించండి. తప్పెటగుళ్లు, మా వైపు జానపదుల డప్పుల మోత, నాకు ప్రాణం, కానీ మాటలయ్యాకే.

చివరికి సంగీతం మిగిలింది నలభై సెకన్లే. దర్శకుడు డబ్బులూ తగ్గించమన్నాడు.