హస్త కార్తె దాటకముందే జాయింట్లు చూసుకోండి

మా పెరట్లో పదమూడడుగుల వెడల్పున పచ్చగడ్డి పరిచి ఉంది. ఆవుకి వెయ్యడానికి పనికిరాదు, ప్లాస్టిక్‌ది. మా అల్లుడు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు గోల్ఫ్ బంతి దొర్లించుకోవడానికి వేయించిన పటింగ్ గ్రీన్. ఆయన ఏడాదికి పది రోజులు ఆడతాడు, మిగతా రోజులు కాపలా నాది. రెండు మీటర్ల వెడల్పు చుట్టలు రెండు పక్కపక్కన పరిచి నడిమధ్యన అతికించారు. ఈ మూడేళ్లలో నాకొచ్చిన తిప్పలన్నీ ఆ అతుకు, అదే జాయింట్ దగ్గరే.

నైరుతి మన నెల్లూరుకి ముఖం చూపించి పోతుంది. మన వాన ఈశాన్యం. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే దంచేస్తుంది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కింద మట్టినే లాక్కుపోయిన నీళ్లకి మన పెరట్లో గడ్డి కింద పోసిన క్రషర్ డస్ట్, అదే రాతిపొడి, ఒక లెక్కా? అందుకే జాయింట్ పని ఏదున్నా ఉత్తర కార్తెలో మొదలుపెట్టి హస్త దాటకుండా ముగించుకోవాలి. చిత్త, స్వాతి వచ్చాక ముట్టుకోకండి.

నేను ముట్టుకుని చెడ్డాను. నిరుడు దీపావళి అయిన వారానికి జాయింట్ ఒకచోట జానెడు మేర లేచింది. రెండు రోజులు ఎండ కాసింది కదా అని పైన గుడ్డతో తుడిచి, జిగురు పూసి, ఇటుకలు పెట్టాను. మర్నాడు చూస్తే జిగురు ఇడ్లీ పిండిలా పొంగి, గడ్డి కింద పొడుగ్గా గట్టు కట్టింది. ఈ పనికి వాడే పాలీయురెథేన్ జిగురు గాల్లో తేమతోనే గట్టిపడుతుంది. తేమ కాస్తయితే మేలే, తడి ఎక్కువైతే లోపల గాలి పుట్టి నురగలాగా పొంగుతుంది. పైన ఎండినట్టు కనపడ్డా కింద డస్ట్ తడిగానే ఉండింది. బంతి అక్కడికి రాగానే కప్ప గంతేసినట్టు ఎగిరేది. లాన్‌లో పరిచే పొడుగు గడ్డయితే ఆ గట్టు కనపడకుండా కప్పేసేది, పటింగ్ గడ్డి అరంగుళమే కాబట్టి ఏదీ దాగదు.

ముందు చూసుకోవడం ఎలాగంటే, పొద్దు వాలేటప్పుడు నేలకి దగ్గరగా వంగి జాయింట్ వెంబడి చూడండి. ఏటవాలు ఎండలో గట్టులూ గుంటలూ గీతల్లా బయటపడతాయి. తర్వాత బంతిని మెల్లగా, ఆగిపోయేంత మెల్లగా, జాయింట్‌కి అడ్డంగా దొర్లించండి. పక్కకి తిరిగితే అక్కడ అంచు లేచిందనో కింద కుంగిందనో అర్థం. అంచుని గోటితో లాగి చూడండి. తేలిగ్గా వస్తే జిగురు పోయింది. అంచు గట్టిగా ఉండి గుంట మాత్రమే ఉంటే జిగురు తప్పు కాదు, కింద డస్ట్ కదిలింది. దానికి పైన ఎంత జిగురు పూసినా దండగ.

అంచు ఎత్తే ముందు ఒక మాట. చేయి పెట్టకండి, కర్రతో ఎత్తండి. తేళ్లకీ జెర్రులకీ అంత చల్లటి చోటు ఇంకెక్కడా దొరకదు. మా పనాయన “సామీ, ముందు కర్ర, తర్వాత చెయ్యి” అని రెండుసార్లు చెప్తే నవ్వాను. మూడోసారి నల్లతేలు కనపడ్డాక నవ్వలేదు.

ఎత్తాక రెండు పక్కలా జానెడు మేర, గడ్డి మీద చల్లిన ఇసుక ఊడ్చెయ్యండి. రెండు అంచుల్నీ కలిపి పట్టుకోవడానికి కింద వేసిన పాత టేపు పూర్తిగా పీకెయ్యాలి, దాని మీదే కొత్తది వెయ్యకూడదు. డస్ట్ గుప్పెడు తీసి పిసకండి. లడ్డూలా నిలబడి అరచేయి తడిస్తే ఆ రోజు పని మానుకోండి, తెరిచి ఎండబెట్టండి. పొడిగా ఉంటే కుంగినచోట కొత్త డస్ట్ పోసి, దిమ్మిసతో కొట్టి, మట్టం కర్ర అడ్డంగా లాగి చూసుకోవాలి. పందికొక్కు బొరియ ఉంటే చిన్న కంకర కూరి, ఆపైన డస్ట్ వెయ్యండి. ఉత్త మట్టి పోస్తే వారంలో మళ్లీ తవ్వుతుంది.

అతికించడంలో టైమే ప్రధానం. మధ్యాహ్నం ఎండలో ప్లాస్టిక్ గడ్డి కాలు పెట్టలేనంతగా కాగి సాగుతుంది. సాగినప్పుడు అంచులు కలిపి అతికిస్తే రాత్రికి ముడుచుకుని నోరు తెరుస్తుంది. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు, ఏడున్నర నుంచి పది లోపల చేసుకోవాలి. రెండు ముక్కల గడ్డీ ఒకే వైపు వాలి ఉండాలి, లేదంటే ఒకటి ముదురాకు పచ్చ, ఒకటి లేతాకు పచ్చగా కనపడుతుంది, బంతి వేగం కూడా మారుతుంది. అంచు కొయ్యాల్సి వస్తే తిరగేసి వెనకనుంచి, రెండు కుట్టు వరసల మధ్య కొయ్యండి. పైనుంచి కోస్తే కుచ్చులు తెగి జాయింట్ పొడుగునా బట్టతల అవుతుంది. అంచుల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలండి. ఒకదాన్నొకటి నెట్టుకునేలా పెడితే గట్టు లేస్తుంది.

అడుగు వెడల్పు టేపు సందు కింద సరిగ్గా మధ్యకి రావాలి. జిగురు పళ్ల తాపీతో పలచగా పరిచి, అంచులు దించేటప్పుడు ఒక మనిషి గడ్డి పోగుల్ని దువ్వెనతో పైకి లేపుతూ ఉండాలి. ఇది ఒక్కడి పని కాదు. పోగుకి జిగురంటితే తుడవకండి, పాకుతుంది. ఎండాక కత్తెరతో తియ్యండి. పైన ఇసుక మూటలు పెట్టి ఒక రోజంతా నడవకండి. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, చర్మానికంటితే రోజుల తరబడి వదలదు. వాసన ఘాటు కాబట్టి గేటు వేసి కుక్కనీ పిల్లల్నీ లోపలే ఉంచండి, బీడీ వెలిగించే పనాయన్ని దూరంగా పంపండి. సోఫాలకీ చెప్పులకీ వాడే పసుపు జిగురు చవక, కానీ మన మే నెల ఎండకి మెత్తబడుతుంది. తెల్ల జిగురైతే మొదటి వానకే పాలవుతుంది.

మేకులు బయటి అంచుకే. జాయింట్ మీద కొడితే తలలు బంతికి తగులుతాయి. సముద్రం పాతిక కిలోమీటర్లే కదా, జింకు పూత లేనివి తుప్పు పడతాయి. పైన చల్లే ఇసుక పెన్నాది వద్దు, ఒండ్రు కలిసి గడ్డి అడుగున నీళ్లు దిగే కన్నాలు పూడుతాయి. చిల్లకూరు, కోట వైపు తవ్వే సిలికా ఇసుకే దీనికి సరైనది. ఊళ్లో ఉంటూ దూరం నుంచి తెప్పించుకునేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం.

తుఫాను కబురొస్తే టార్పాలిన్ కప్పకండి, గాలి అంచు పట్టుకుంటే టార్పాలిన్‌తో పాటు గడ్డీ లేస్తుంది. జాయింట్ పొడుగునా ఇసుక మూటలు పేర్చండి. పైపు గట్టిగా నొక్కి జాయింట్ మీద నీళ్లు కొట్టకండి. నీళ్లు నిలిస్తే రబ్బరు వైపర్‌తో జాయింట్ వెంబడే, దానికి అడ్డంగా కాకుండా, బయటికి నెట్టండి. బురద చేరితే పచ్చిగా ఉన్నప్పుడే కడగాలి. కిందటి డిసెంబరులో అది ఎండాక గీకబోయి గడ్డితో పాటు అంచూ లేపాను, ఇప్పుడు మళ్లీ అల్లుడొచ్చేలోపు ఆ రెండడుగులూ అతికించుకోవాలి.