ఐను డిజైన్‌ని చదవడం, మంగళగిరి బట్ట మీద కుట్టి చూడడం

జపాన్‌లో హొక్కైడో దీవి మూలవాసులు ఐనులు (2019లో అక్కడి చట్టం కూడా ఆ మాట ఒప్పుకుంది). వాళ్ల బట్టల మీది మెలికలు చూడగానే "ఈ గుర్తుకు ఈ అర్థం" అనే పట్టికల కోసం వెతక్కండి, అలాంటివాటిలో ఊహలే ఎక్కువ. ముందు డిజైన్ ఎక్కడుందో చూడండి. మెడ చుట్టూ, చేతుల అంచుల్లో, కింది అంచులో, వీపు మీద. బట్ట తెరుచుకునే చోటు నుంచే చెడు లోపలికి వస్తుందని, అందుకే అక్కడ కాపలాగా కుడతారని చెబుతారు.

తర్వాత రెండు గీతలు పట్టుకుంటే చాలు: మెల్లగా చుట్టుకునే మొరెవు, ముల్లులా మొన తేలే ఐయుషి. ఎక్కువగా రెండూ కలిసే ఉంటాయి. వంపు సాగుతూ సాగుతూ మలుపు దగ్గర ఒక ముల్లు విసురుతుంది. కుట్టుపని ఆడవాళ్లది, చెక్క చెక్కడం మగవాళ్లది. హొక్కైడోలోని నిబుతాని ఊళ్లో చెక్కే పళ్లేల మీద ఇవే వంపుల మధ్య చేప పొలుసుల్లాంటి గీతలు నింపుతారు.

ఇక కుట్టడానికి ముదురు నీలం మంగళగిరి కాటన్ ఒక అడుగు ముక్క, తెల్ల ఎంబ్రాయిడరీ దారం చాలు, విజయవాడ వన్‌టౌన్‌లో రెండూ దొరుకుతాయి. బట్టని ముందే నీళ్లలో నానబెట్టి ఉతికేయండి, లేకపోతే రంగు దిగి తెల్లదారం నీలం అయిపోతుంది. నాలుగు మడతలు వేసి గోటితో గట్టిగా నొక్కండి, మనం ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టు ఇక్కడ ఆ మడత గీతలే ఆధారం. టైలర్ సుద్దతో ఒక పావు భాగంలో గీసి మిగతా మూడింట్లో అద్దంలో చూసినట్టు తిప్పి గీయండి. చుట్టు ఒకటిన్నర తిరిగితే చాలు, మరీ బిగిస్తే జిలేబీ అయిపోతుంది.

గొలుసు కుట్టు వచ్చినవాళ్లు దాంతోనే కానిచ్చేయొచ్చు. నాకైతే ఐనులు ఇకరరి అనే పద్ధతే నచ్చుతుంది: లావు దారాన్ని గీత వెంట పరిచి, సన్నదారంతో కొద్ది కొద్ది దూరంలో దాన్ని బట్టకి పట్టివేయడం. కష్టమంతా ముల్లు దగ్గరే. లావు దారాన్ని మొన దాకా తీసుకెళ్లి, సరిగ్గా ఆ కొస మీద ఒక కుట్టు వేసి, అప్పుడు వెనక్కి మడవాలి. ఆ ఒక్క కుట్టు మానేస్తే మొన గుండ్రబడి ముల్లు కాస్తా మొద్దు అవుతుంది. మన ఎండలకి చేతి చెమటతో సుద్ద చెరిగిపోతుంది, అందుకే చేతికింద ఒక రుమాలు ఉంచుకోండి.

కుషన్ కవరుకో సంచికో వేసుకోండి, బాగుంటుంది. అమ్మకానికి పెట్టేటట్టయితే మాత్రం "ఐను చేతిపని" అని రాయొద్దు, చూసి నేర్చుకున్నదని రాయండి. ఆ పనితోనే బతికే ఐను కళాకారులు ఇప్పటికీ ఉన్నారు.