పాత లారీలో చెడిన రిలేని ఇలా పట్టుకున్నాను

మా పాత లారీకి హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయి, కాసేపటికి వాటంతటవే వెలిగేవి. ఫ్యూజులు బాగానే ఉన్నాయి కాబట్టి అనుమానం రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి తీసే స్విచ్) మీదికి పోయింది. కానీ ఫ్యూజ్ బాక్స్ మూత మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, లోపల చూస్తే అన్నీ ఒకేలాంటి నల్ల డబ్బాలు.

క్లీనర్ హెడ్‌లైట్ స్విచ్ వేసి తీస్తుంటే నేను ఒక్కో రిలే మీద వేలు పెట్టి చూశాను. టిక్కుమని వేలికి తగిలింది లైట్లది. అయితే టిక్కుమన్నంత మాత్రాన రిలే మంచిదని కాదు. కాయిల్ (కరెంటు రాగానే అయస్కాంతమయ్యే తీగచుట్ట) పనిచేస్తున్నా, అది కలిపే లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు. లైట్లు వెలుగుతుండగా సాకెట్ వెనక నుంచి కాంటాక్టుల రెండు కొసలైన 30, 87 పిన్నుల మధ్య మల్టీమీటర్‌ని వోల్టుల మీద పెడితే దాదాపు సున్నా రావాలి. నాకు 3 వోల్టులు దాటింది. ఇంకేం, దొంగ దొరికాడు.

కొత్తది కొనేముందు పాతదాని మీద రాసింది చదవండి. మా బండి 24 వోల్టులది. 12 వోల్టుల రిలే కూడా అదే సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, కాయిల్ మాత్రం మాడిపోతుంది. ఆంపియర్లు పాతదానికంటే తగ్గకూడదు. రిలే పైనున్న బొమ్మలో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) గుర్తు ఉంటే కాయిల్ పిన్నులు 85, 86 తారుమారు కాకూడదు.

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, రిలేని అటూ ఇటూ కదుపుతూ నిటారుగా లాగాను. సాకెట్‌లో 87 దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది, టెర్మినల్ వదులైంది. (రిలేలు మార్చి మార్చి విసిగిపోయేవాళ్లు ఇక్కడ చూడరు!) ఆ టెర్మినల్ కూడా మార్చి కొత్త రిలే పెట్టాక మీటర్ 0.1 వోల్టు చూపించింది.