పెల్విస్, పెరినియం – 4వ పాఠం: ప్యుడెండల్ నర్వ్ నడిచే దారి

పోయిన పాఠంలో లెవేటర్ ఏనై అనే కండరం దగ్గర ఆగాం. పెల్విస్‌కి అదే నేల, దాని కింద ఉన్నదంతా పెరినియం. ఇది గుర్తుంటే ఇవాళ్టి పాఠంలో సగం వచ్చేసినట్టే.

ప్యుడెండల్ నర్వ్ ఎస్2, ఎస్3, ఎస్4 అనే సేక్రల్ వెన్ను నర్వ్‌ల నుంచి, అంటే నేలకి పైన, పెల్విస్ లోపల పుడుతుంది. దాని పనంతా కింద పెరినియంలో. మరి నేలని చీల్చుకుని దిగుతుందా? దిగదు, చుట్టూ తిరిగి వస్తుంది. గ్రేటర్ సయాటిక్ ఫొరామెన్ అనే రంధ్రంలోంచి బయటికొచ్చి, లెస్సర్ సయాటిక్ ఫొరామెన్‌లోంచి మళ్ళీ లోపలికి పోతుంది. ఈ వాక్యాన్ని చాలామంది వైవా కోసం బట్టీ కొడతారు, పరీక్ష అయిన వారానికి మర్చిపోతారు. ఎందుకలా తిరిగిందో అర్థమైతే మర్చిపోవడం కష్టం.

అందుకే చదవడం ఆపి ఎముకలు తీయండి. చెన్నైలో హాస్టల్లో ఉండేవాళ్ళకి సీనియర్ల దగ్గర ఒక సేక్రం (వెన్నెముక అడుగున ఉండే ఎముక), ఒక హిప్ బోన్ దొరక్కపోవు. రెండూ జతచేసి పట్టుకుని, ప్లాస్టర్ టేపుతో రెండు లిగమెంట్లు అంటించండి: సేక్రం పక్క అంచు నుంచి హిప్ బోన్ మీద ముల్లులా ఉండే ఇస్కియల్ స్పైన్‌కి ఒకటి, అది సేక్రోస్పైనస్, కూర్చున్నప్పుడు ఆనే ఇస్కియల్ ట్యూబరాసిటీకి ఇంకొకటి, అది సేక్రోట్యూబరస్. అంతవరకూ ఉత్త గంట్లుగా ఉన్నవి మీ కళ్ళ ముందే రెండు రంధ్రాలవుతాయి, పైది గ్రేటర్, కిందది లెస్సర్. ఇప్పుడు ఒక దారం తీసుకుని లోపలి నుంచి పైరంధ్రంలో, పిరిఫార్మిస్ కండరం ఉండే చోటుకి కిందుగా బయటికి లాగి, స్పైన్ వెనక తిప్పి, కింది రంధ్రంలోంచి లోపలికి పంపండి. లెవేటర్ ఏనై వెనక భాగం అతుక్కునేది కూడా ఆ స్పైన్‌కే. కాబట్టి పైరంధ్రంలోంచి బయటపడ్డప్పుడు నేలకి పైనున్న దారం, కింది రంధ్రంలో దూరేసరికి నేల కిందికి వచ్చేసింది. మొత్తం కథ ఇంతే.

స్పైన్ దగ్గర మూడు పక్కపక్కన వెళతాయి. లోపలివైపు నుంచి బయటికి: ప్యుడెండల్ నర్వ్, ఇంటర్నల్ ప్యుడెండల్ రక్తనాళాలు, నర్వ్ టు ఆబ్చురేటర్ ఇంటర్నస్. ఈ వరుస ఒక్కటి మాత్రం బట్టీ పట్టక తప్పదు. పిరుదులో ఉన్న ఆ కాసేపట్లో ప్యుడెండల్ నర్వ్ ఒక్క కొమ్మ కూడా ఇవ్వదు.

లోపలికొచ్చాక ఇస్కియోఏనల్ ఫోసా (ఏనస్ పక్కనుండే గుంట) బయటిగోడలో, ఆబ్చురేటర్ ఇంటర్నస్ కండరాన్ని కప్పే ఫేషియా పొరలో ఉన్న ప్యుడెండల్ కెనాల్‌లో ముందుకు సాగుతుంది. ముందు ఇన్ఫీరియర్ రెక్టల్ నర్వ్ విడిపోయి, కొవ్వుతో నిండిన ఆ ఫోసాని అడ్డంగా దాటి ఎక్స్‌టర్నల్ ఏనల్ స్ఫింక్టర్‌కి చేరుతుంది. తర్వాత పెరినియల్ నర్వ్, చివర క్లిటోరిస్‌కో పీనిస్‌కో వెళ్ళే డార్సల్ నర్వ్.

ఎగ్మోర్ ప్రసూతి ఆసుపత్రిలోనో, మరో లేబర్ వార్డులోనో పోస్టింగ్ పడినప్పుడు ఇదంతా చేతికొస్తుంది. వజైనా గోడ మీదుగా వేలితో తడిమితే ఇస్కియల్ స్పైన్ తగులుతుంది. ప్యుడెండల్ బ్లాక్‌కి, అంటే ఈ నర్వ్‌ని మొద్దుబార్చే ఇంజెక్షన్‌కి, గుర్తు అదే, బిడ్డ తల ఎంత దిగిందో చెప్పే స్టేషన్ జీరో కూడా అదే. రక్తనాళాలు నర్వ్‌ని ఆనుకునే ఉన్నాయని ఇందాకే చూశాం, అందుకే మందు ఎక్కించేముందు సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసి తీరాలి.

ఈ బ్లాక్ ఎంత బాగా పనిచేసినా గర్భాశయం బిగుసుకునే నొప్పి పోదు, ఎందుకంటే ఆ నొప్పి సింపథెటిక్ నర్వ్‌ల దారిలో వెన్నుపాములో టి10 నుంచి ఎల్1 దాకా ఉన్న సెగ్మెంట్లకి వెళుతుంది. లేబియా ముందుభాగం కూడా పూర్తిగా మొద్దుబారదు, అక్కడ ఇలియోఇంగ్వైనల్, జెనిటోఫెమరల్ నర్వ్‌ల వాటా ఉంది. ఈ సంగతి ఆ తల్లికి ముందే చెప్పాలని నేను గట్టిగా అంటాను. నెల్లూరు వైపు నుంచి వచ్చి అరవం సరిగా రాని ఆవిడ మీ వార్డులో ఉంటే, "అమ్మా, కింద కోసేచోట, కుట్లేసేచోట నొప్పి తగ్గుతుంది, కడుపులో నొప్పులు మాత్రం వస్తూనే ఉంటాయి" అని తెలుగులో చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పకపోతే ఇంజెక్షన్ పనిచేయలేదని ఆవిడ భయపడుతుంది, టెన్షన్‌తో పుష్ చేయడం ఇంకా కష్టమవుతుంది.

వచ్చే పాఠం పెరినియల్ బాడీ, ప్రసవంలో పడే చిరుగులు. ఈలోగా టేపు పీకేసి, పుస్తకం చూడకుండా లిగమెంట్లు మళ్ళీ అంటించి, ఈసారి రెండోవైపు హిప్ బోన్‌తో దారం తిప్పండి.