నోట్‌బుక్ నుంచి బిగ్‌క్వెరీకి – 4వ పాఠం: డిలీట్ చేసినా పోని కీ

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన నోట్‌బుక్‌లు (కోడ్‌ను సెల్స్ అనే ముక్కలుగా రాసి రన్ చేసే ఫైల్స్) చూశాను. గూగుల్ క్లౌడ్‌లో డేటా దాచి క్వెరీ చేసే బిగ్‌క్వెరీకి కనెక్షన్ దాదాపు అందరికీ కుదిరింది. కానీ చాలామంది సర్వీస్ అకౌంట్ (మనిషి బదులు ప్రోగ్రామ్ లాగిన్ అయ్యే ఖాతా) తాలూకు రహస్య కీని సెల్‌లోనే పేస్ట్ చేశారు. "పనయ్యాక ఆ సెల్ డిలీట్ చేశాను కదండీ" అని కొందరు రాశారు. అందుకే ఈసారి క్వెరీలు పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

సెల్ తీసేసినంత మాత్రాన కీ పోదు. కొలాబ్ (బ్రౌజర్‌లో నోట్‌బుక్‌లు రన్ చేసే గూగుల్ సేవ) నోట్‌బుక్ గూగుల్ డ్రైవ్‌లో సేవ్ అవుతుంది, దాని పాత రూపాలు రివిజన్ హిస్టరీలో ఉంటాయి. గిట్‌హబ్‌కి పంపి ఉంటే పాత కమిట్ (అప్పట్లో సేవ్ చేసిన రూపం) తెరిచి, ఆ కోడ్ చూడగలిగేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. సెల్ కింద వచ్చే అవుట్‌పుట్ కూడా ఆ ఫైల్‌లో భాగమే. కీ సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని ఒక్కసారి ప్రింట్ చేస్తే చాలు, కోడ్‌లో ఎక్కడా లేని కీ అవుట్‌పుట్‌లో ఉండిపోతుంది. సెల్ చివరి లైన్‌లో వేరియబుల్ పేరు ఊరికే రాసినా అంతే. కనెక్షన్ స్ట్రింగ్‌లో పాస్‌వర్డ్ పెట్టేవాళ్లకి ఎర్రర్ మెసేజ్‌లోనూ అది బయటపడొచ్చు. ఒకసారి బయటపడ్డ కీని దాచే దారి లేదు. క్లౌడ్ కన్సోల్‌కి వెళ్లి దాన్ని రద్దు చేయండి, కొత్తది తీసుకోండి. అది అయ్యాకే కింది పేరా చదవండి.

కొలాబ్‌లో ఎడమ పక్కన తాళంచెవి బొమ్మ నొక్కితే సీక్రెట్స్ తెరుచుకుంటాయి. పేరు పెట్టి, కీ ఉన్న జేసన్ ఫైల్‌లోనిదంతా పేస్ట్ చేసి, ఈ నోట్‌బుక్‌కి యాక్సెస్ ఆన్ చేయండి. కోడ్‌లో కొలాబ్ వాళ్ల యూజర్‌డేటా మాడ్యూల్ ద్వారా ఆ పేరుతో తెచ్చుకుని, డిక్షనరీగా మార్చి నేరుగా క్రెడెన్షియల్స్‌కి ఇవ్వండి. మధ్యలో ఫైల్‌గా రాయొద్దు.

నా డేటా నేనే చూసుకునేటప్పుడు నేనైతే కీ జోలికే పోను. కొలాబ్‌లోని ఆథెంటికేట్ యూజర్ అనే ఫంక్షన్‌తో నా ఖాతాలోంచే లాగిన్ అవుతాను. కీ అనేదే లేకపోతే లీకయ్యేదేముంది? కాకపోతే ఊరూపేరూ తెలియని నోట్‌బుక్‌లో ఆ లైన్ రన్ చేయకండి. మీ క్లౌడ్ అనుమతులన్నీ ఆ కోడ్ చేతికి చిక్కుతాయి.

403 (అనుమతి లేదనే ఎర్రర్) వచ్చిందని టెన్షన్ పడి కొందరు సర్వీస్ అకౌంట్‌కి ఎడిటర్ రోల్ (మార్పులు చేసే అనుమతులు కూడా ఉన్నది) ఇచ్చేశారు, తీసేయండి. చదవడానికి డేటాసెట్ మీద డేటా వ్యూయర్, ప్రాజెక్ట్ మీద జాబ్ యూజర్ చాలు. రెండోది మరిచిపోయినా 403 వస్తుంది.

అభ్యాసం: ఆ రెండు రోల్స్ మాత్రమే ఉన్న కొత్త సర్వీస్ అకౌంట్‌తో ఒక టేబుల్ చదవండి. అదే డేటాసెట్‌లో కొత్త టేబుల్ సృష్టించి చూడండి, కుదరకూడదు. తర్వాత నోట్‌బుక్‌ను మీ ఇంకో ఖాతాకి షేర్ చేసి అక్కడ రన్ చేయండి. సీక్రెట్ దొరకలేదని ఎర్రర్ రావాలి. రాకపోతే కీ ఇంకా ఎక్కడో కోడ్‌లో ఉంది, వెతకండి.