తలలో తిరిగే యాడ్ పాటను దింపుకోవడం ఎలా

మొన్న విశాఖలో జగదాంబ నుంచి మద్దిలపాలెం వెళ్లే బస్సులో పక్క సీటాయన ఫోన్లో ఓ సబ్బు యాడ్ మోగింది. అంతే, రెండు రోజులు స్నానం చేస్తున్నా, కూర తరుగుతున్నా అదే ముక్క. మీకూ ఇలా అయితే బలవంతంగా ఆపాలని చూడకండి, వద్దనుకున్నకొద్దీ ఇంకా గట్టిగా మోగుతుంది.

ముందు పాటను చివరిదాకా వినండి. మనకు గుర్తుండేది నాలుగైదు సెకన్ల ముక్కే కదా, తర్వాతేంటో తెలియక అక్కడక్కడే తిరుగుతుంటాం, అందుకని యూట్యూబ్‌లో మొత్తం ఒక్కసారి పెట్టేయండి. టైటాన్ వాచీల ట్యూన్ పట్టుకుంటే అసలుదే వెతకండి, అది మోజార్ట్ 1773లో రాసిన 25వ సింఫనీ మొదటి భాగంలోది. యాడ్‌లో ఉన్నంత నెమ్మదిగా ఉండదు, నేనైతే ఉలిక్కిపడ్డాను.

దానికీ లొంగకపోతే ఏదైనా నమలండి. జోక్ కాదు, ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో చూయింగ్ గమ్ నమిలినవాళ్లకు పాట గుర్తుకురావడం తగ్గింది. దవడ వేరే పనిలో ఉంటే లోలోపల పాడుకోవడం కష్టమట. గమ్ నాకు పడదు కాబట్టి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ కొన్నాను, పల్లీలు ఎక్కువ వేయమని చెప్పి మరీ, కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నములుతూ నడిచాను. పొట్లం అడుగున నిమ్మరసం ఊరిన ఉల్లిముక్కలు మిగిలేసరికి పాట లేదు.

ఇంటికెళ్లగానే మాత్రం టీవీ దగ్గర కూర్చోకండి, సీరియల్ టైటిల్ పాట ఎక్కిందంటే ఇంకో పొట్లం కొనాలి.